ఈక గాలం

పొద్దుగాల నాలుగున్నరకు కాజీపేట చౌరస్తాల కలిసినం.
ఐదుగురం, రెండు బండ్లు.
ముగ్గురెక్కిన బండి మీద నేను నడుమ,
నా మోకాళ్ల సందుల ఇన్నారెడ్డి గాలం కర్ర,
సన్నాయి లెక్క గుడ్డసంచిల.
ధర ఇంట్ల సగమే చెప్పిండట.
మిగిలిన సగం మాకు గూడ చెప్పలే.

ములుగు రోడ్డు. ఆత్మకూరు దాటినంక ఎడమకు మట్టిబాట.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ దిగి నేరుగ వచ్చిన కనకలక్ష్మి
జానీమియా వెనక కూసొనే నిద్రపోయింది.

"ఈగ గాలమంటరు దీన్ని" అన్నడు ఇన్నారెడ్డి.
చెరువు కావలి సమ్మయ్య చెవికి చెయ్యి అడ్డంబెట్టి
"ఈక గాలమా?" అన్నడు.
చూస్తే ఈగ లేదు దానికి, ఉన్నది ఈకనే.
పేరు అట్లనే ఖాయమైంది.

ఈకలు జానీమియా పుంజువి,
పందెంల ఓడి ఆదివారం కూరైన పుంజు మెడవి.
దారం కొత్తవాడది:
జంపఖానా అంచుకు పోంగ మిగిలిన ఎరుపు.
సారంగన్న కొక్కేనికి చుట్టి, చుట్టి,
కొసను పంటితోని కొరికి
"ఇగో, కప్ప" అన్నడు.
కప్ప లెక్క లేదు. ఏ జీవి లెక్కా లేదు.
"కప్ప లెక్క కనవడాల్సింది నీకు గాదు" అన్నడు.

ఫోన్ల చూసి నేర్చిన విద్య ఇన్నారెడ్డిది.
మొదటి విసురుకు తన టోపీ పట్టిండు,
రెండోదానికి తుంగ,
మూడోదానికి జానీమియా చెవి తప్పింది వెంట్రుకవాసిల.
సారంగన్న కర్ర అందుకున్నడు,
నలభై ఏండ్లు మగ్గం గుంటల కాళ్లు దించినోడు,
ఇన్నేండ్లల గాలం ముట్టనోడు.
"నాడె తోలినంక
అది అవుతలి అంచు ముట్టేదాక చెయ్యి ఊకుండాలె.
అంతే గదా?"
దారం వెనక్కి పోయింది. సాగింది.
ఒక్క రవ్వంత సేపు
ఎవ్వలూ ఏం చెయ్యని సేపు
అటెన్క ముందుకు.
తామరాకు పక్కన ఈక వాలితే
నీళ్లకు గూడ తెలువలే.

ఎండెక్కేయాళ్లకు లెక్క జూసుకుంటే సున్న.
పులిహోర అయిపోయింది. నీళ్లు కాగినయి.
"కొర్రమట్టకు మీరొచ్చే సంగతి
ఎవలో చెప్పిండ్రు" అని సమ్మయ్య నవ్విండు.

అప్పుడు లేసింది కనకలక్ష్మి.
కండ్లు నులుముకుంట, "అదేంది, ఆడ
నీళ్లు ఎర్రగ ఉడుకుతున్నయి?"

పిల్లలు.
చిటికెన గోరంత, వందలు,
ఒకదాని మీద ఒకటి ఎగబడి గాలి మింగుతున్నయి.
వాటి కింద నల్లగ, బారు, కదలకుండ
అది.

సమ్మయ్య గొంతు దించిండు:
"పిల్లల నడుమ ఏస్తే తప్పది.
ఆకలికి గాదు, కోపానికి కరుస్తది."

నేను ఇన్నారెడ్డి మొకం జూసిన.
మూడు నెలలు, పదకొండు ఆదివారాలు,
సగం దాచిన ధర.
కనకలక్ష్మి ఏమనలే. దూప కాకున్నా నీళ్ల సీస మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది.

కర్ర లేసింది.
ఈసారి దారం ఏ టోపీకీ తగల్లే,
సక్కగ వెనక్కి పోయింది, నిండుగ సాగింది,
ఎన్నడు రాని అందం ఆ చేతికి ఆ ఒక్కసారి వచ్చింది.
చెయ్యి ఊకున్నది.

ఊకున్నది.

దారం మెల్లగ మా వెనక గడ్డిల రాలింది.
"గడ్డి పట్టింది" అన్నడు ఇన్నారెడ్డి.
పట్టలే. అందరం చూసినం.
"ఔ, గడ్డి శాన ఉన్నదీడ" అన్నడు జానీమియా.

"మీరిడిస్తే ఏమాయె" అన్నడు సమ్మయ్య,
"ఎండాకాలం నీళ్లు దిగినంక సొసైటీ వలేస్తది."
నిజమే. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.
ఆయన దగ్గరే కిలోన్నర రవ్వ కొన్నం.
తూకంల మొగ్గు మాకే ఇచ్చిండు.

వచ్చేటప్పుడు కర్ర మళ్ల నా మోకాళ్ల సందుల.
హన్మకొండల సిగ్నల్ కాడ ఇన్నారెడ్డి వెనక్కి తిరిగి
"ధర ఎంతో చెప్పాల్నా?" అన్నడు.
పచ్చలైటు పడ్డది.